మాంద్యంలో కొత్త గేమ్ కొనాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే విషయం మీద, అవీ మన ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: గేమ్ కంపెనీలు వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నాయి. అయినా గేముల రేట్లు పెరుగుతూనే ఉన్నాయి. జనం దగ్గర డబ్బు లేనప్పుడు రేటు తగ్గాలి కదా సర్? మాంద్యం వస్తే అందరూ ఇంట్లో కూర్చుని ఆడుకుంటారు, అందుకే ఈ పరిశ్రమకు ఏమీ కాదంటారు. అది నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఆడటం తగ్గదు తమ్ముడూ, కొనడం తగ్గుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే "ఏమీ కాదు" అనే మాట పుట్టింది. ఇది నేను కళ్లారా చూశాను. 2008-09 మాంద్యంలో బరంపురం బడా బజార్ దగ్గర ఒక సందులో నేనూ మా బావమరిదీ రెండు టీవీలూ రెండు పీఎస్2లూ (సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మిషన్లు) పెట్టి గంటకు 20 రూపాయలకు ఆడించేవాళ్లం. గంజాం జిల్లాలో సూరత్ మగ్గాల మీద బతికే ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. ఆ ఏడాది మా వీధి ఇళ్లకు అక్కడి నుంచి వచ్చే డబ్బు తగ్గింది, మా గిరాకీ కూడా పోతుందని భయపడ్డాం. పిల్లలు రావడం మానలేదు. కానీ అంతకుముందు "కొత్త డిస్కు వచ్చిందా అన్నా" అని అడిగిన పిల్లలే అడగడం మానేసి, ఉన్న క్రికెట్టూ ఫుట్‌బాలూ నెలల తరబడి ఆడారు. మేమూ కొత్త డిస్కులు కొనడం ఆపేశాం. మాలాంటి వాళ్లందరూ ఆపేస్తే ఆ కొత్త డిస్కు తయారుచేసినవాడి పరిస్థితి ఏమిటి?

అమెరికాలో జరిగింది కూడా అదే. 2008లో అక్కడ గేముల అమ్మకాలు 2,100 కోట్ల డాలర్లు దాటి రికార్డు కొట్టాయి, అప్పుడే ఈ "మాంద్యం తగలని వ్యాపారం" అనే మాట బాగా వినిపించింది. మరుసటి ఏడాది సుమారు 8 శాతం పడిపోయాయి. మోర్టల్ కాంబాట్ గేము తీసిన మిడ్‌వే కంపెనీ 2009 ఫిబ్రవరిలో దివాలా తీసింది. అదే 2009 నవంబరులో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2 మాత్రం మొదటి 5 రోజుల్లోనే 55 కోట్ల డాలర్లు తెచ్చింది. అంటే డబ్బు మాయమైపోలేదు, ఏడాదికి నాలుగు గేములు కొనేవాడు ఒక్కటే కొన్నాడు, ఆ ఒక్కటీ అందరూ కొనేదే కొన్నాడు. మధ్యస్థంగా ఉన్న కంపెనీలు నలిగిపోయాయి.

ఇప్పటి సంగతి ఇంకా కష్టం. 2020-21లో కోవిడ్ వల్ల ఇళ్లలో ఉన్నవాళ్లంతా ఆడారు, అప్పుడు వడ్డీ కూడా తక్కువ కాబట్టి కంపెనీలు విచ్చలవిడిగా మనుషుల్ని తీసుకున్నాయి, స్టూడియోలు కొన్నాయి. 2022 నుంచి వడ్డీలు పెరిగాయి, జనం బయట తిరగడం మొదలుపెట్టారు. పెద్ద గేము తయారవడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కాబట్టి మంచిరోజుల్లో ఒప్పుకున్న ఖర్చుకు చెడ్డరోజుల్లో బిల్లు వస్తుంది. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనే గేముకు సుమారు 22 కోట్ల డాలర్లు అయిందని కోర్టు కాగితాల్లో బయటపడింది. అందులో పెద్ద వాటా జీతాలే. అందుకే లెక్క తేడా వస్తే ముందు మనుషుల్నే తీసేస్తారు. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లు పెట్టి కాల్ ఆఫ్ డ్యూటీ తీసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్న మూడు నెలలకే, 2024 జనవరిలో, గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. కొనడానికి అంత డబ్బు దొరికింది, పని చేసినవాళ్ల జీతానికి దొరకలేదు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

రేటు ఎందుకు తగ్గదంటే, కొనేవాళ్లు తగ్గినప్పుడు కచ్చితంగా కొనే అభిమాని దగ్గరే ఎక్కువ లాగాలని చూస్తారు. 60 డాలర్ల గేము 2020లో 70 అయింది, 2025లో మారియో కార్ట్ వరల్డ్ 80 దాకా వెళ్లింది. అయితే రేటు పెట్టినంత మాత్రాన అమ్ముడుపోదు. 2024 ఆగస్టు 23న వచ్చిన కాంకార్డ్ అనే సోనీ ఆన్‌లైన్ గేము ఆడేవాళ్లు లేక సెప్టెంబరు 6న ఆగిపోయింది, కొన్నవాళ్లకు సోనీ డబ్బు వాపసు ఇచ్చింది, అక్టోబరులో దాన్ని తీసిన స్టూడియోనే మూసేశారు. అంతకుముందు ఫిబ్రవరిలో ఒక్క మనిషి తయారుచేసిన పేకముక్కల గేము, బలాట్రో, ఏడాది తిరక్కుండా 50 లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. జీటీఏ 6 గేము వస్తుంది, ఈఎంఐలో పీఎస్5 కొనిపెట్టమని గొడవ. నాది చిన్న బట్టల కొట్టు, ఈ ఏడాది వ్యాపారం బాగా తగ్గింది. కాదంటే చదువు మానేస్తాడేమోనని టెన్షన్.
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: అన్నగారూ, ఇప్పుడు కొనకండి. ఆ గేము ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడి 2026 నవంబరు 19 అని చెప్పారు. ఇంకా రాని ఆట కోసం ఇప్పటి నుంచే వాయిదాలు కట్టడం ఎందుకు? పీఎస్5 మన దేశంలో 2021లో 49,990కి వచ్చింది, 2022లో 54,990 చేశారు. పాతబడే కొద్దీ చవకవ్వాల్సిన వస్తువు ఖరీదవుతోంది, అది నిజమే, కానీ పండగలప్పుడు ఐదు వేల దాకా తగ్గించిన సందర్భాలున్నాయి. పైగా మిషన్‌తో ఖర్చు అయిపోదు, ఒక్కో కొత్త గేముకు నాలుగైదు వేలు. ఈ లెక్కంతా కాగితం మీద రాసి, మీ కొట్టు లెక్క కూడా పక్కన పెట్టి అబ్బాయికి చూపించండి. దాచిపెట్టి "కుదరదు" అంటే కోపం వస్తుంది, చూపిస్తే ఆ వయసు పిల్లలకు అర్థమవుతుంది. మా ఇంట్లో ఇలాగే అయింది, మావాడు నెల రోజులు ముభావంగా ఉన్నాడు, తర్వాత తనే ఆ మాట ఎత్తడం మానేశాడు.

ప్రశ్న: బీటెక్ ఆఖరి ఏడాది. గేమ్ ఆర్ట్ (గేములకు బొమ్మలు తయారుచేయడం) నేర్పుతామని ఒక సంస్థ మూడు లక్షలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. చేరనా?
– రాయగడ నుంచి ఒక అమ్మాయి

జవాబు: పొలం తాకట్టు పెట్టొద్దమ్మా. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మన దేశంలో గేమ్ ఆర్ట్ పని చాలావరకు విదేశీ స్టూడియోల నుంచి వచ్చేదే, అక్కడ ఖర్చు తగ్గిస్తే ఇక్కడ ఉద్యోగం పోతుంది. 2025 ఫిబ్రవరిలో సినిమాలకూ గేములకూ బొమ్మల పని చేసే టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబై ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లే. అలాంటప్పుడు గ్యారంటీ అనే మాట ఎవరన్నా నమ్మకండి.

అలాగని మానేయమనడం లేదు. బొమ్మలు చేసే బ్లెండర్, గేము తయారుచేసే గోడో, ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. ఆరు నెలలు వాటితో ఒక చిన్న గేము పూర్తిచేయండి, పది నిమిషాల ఆటైనా సరే, పూర్తయిందే ఉండాలి. మీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు, ఇంటి చుట్టూ కొండలు, సంతలు, బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వేషాలు ఉన్నాయి, బొమ్మ గీయడానికి ఇంకెక్కడికో వెళ్లక్కర్లేదు. పూణేలో ఒక చిన్న బృందం రాజీ అనే గేము మొదలుపెట్టి 2017లో ఇంటర్నెట్‌లో చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు, అయినా వదలకుండా 2020లో విడుదల చేశారు. మీరు చేసింది నాకు పంపండి, ఆడి చూసి నిజం చెప్తాను.

ప్రశ్న: ఇంట్లో పాత పీఎస్2 ఉంది. అమ్మేయనా?
– గుణుపురం

జవాబు: ఇప్పుడు పెద్దగా రాదు, ఉంచుకోండి. డిస్కు చదవకపోతే ముందు లెన్స్ మీద దుమ్ము తుడిపించండి, మా షాపులో మొరాయించినవి చాలావరకు దానితోనే బాగయ్యేవి. ఎవరికైనా ఇచ్చేస్తే మాత్రం మెమరీ కార్డు తీసి దాచుకోండి, మీ తమ్ముళ్లు సగంలో ఆపిన ఆటలు అందులో ఇంకా ఉంటాయి.