రొయ్యల డబ్బుతో ఎనామెల్ కళాఖండాలు కొనవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాల్లో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. ఈ పంటలో ఖర్చులు పోను 6 లక్షలు మిగిలాయి. శాన్ డియేగోలో ఉంటున్న మా అమ్మాయి 1950ల నాటి ఎనామెల్ పళ్ళేలు, గోడ పలకలు ఫోన్లో చూపించింది. చాలా నచ్చాయి. డబ్బంతా వాటిలో పెడితే పదేళ్ళకు పెరుగుతుందా?

జవాబు: మీ అమ్మాయి సరైన ఊళ్ళోనే ఉంది. జాక్సన్, ఎల్లామేరీ వూలీ దంపతులు ఎనామెల్ పని చేసింది శాన్ డియేగోలోనే. అమెరికాలోనే ఇంకోవైపు క్లీవ్‌లాండ్‌లో కెనెత్ బేట్స్, ఎడ్వర్డ్ వింటర్ వంటి ఎనామెల్ కళాకారులు ఉండేవారు. గాజుపొడిని రాగిరేకు మీద చల్లి, సుమారు 800 డిగ్రీల కొలిమిలో కరిగించి అతికిస్తారు. రంగు గాజులోనే ఉంటుంది కాబట్టి డెబ్బై ఏళ్ళయినా వెలిసిపోదు. మీకు నచ్చడంలో వింతేమీ లేదు. తప్పకుండా కొనండి, కానీ పెట్టుబడి అనుకుని కొనకండి.

బంగారమైతే నెల్లూరు ట్రంకు రోడ్డులో గంటలో డబ్బవుతుంది. ఈ పలకను అమ్మాలంటే కొనేవారి కోసం మళ్ళీ అమెరికా వైపే చూడాలి. వేలం సంస్థ కమీషన్, రవాణా, బీమా పోగా చేతికి ఏం మిగులుతుందో ముందే చెప్పలేం. ఈలోగా వడ్డీ రాదు, అద్దె రాదు.

అసలు నాకు దిగులు ఆ 6 లక్షల గురించే. అందులో పన్ను వాటా తీసిపెట్టారా? రొయ్యల చెరువు ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయంగా చూడదు. చాలామంది రైతులు ఇక్కడే పొరబడతారు. ముందు మీ ఆడిటరును కలవండి. ఆ తర్వాత వచ్చే పంట సీడ్ (రొయ్యపిల్లలు), మేత, కరెంటు ఖర్చులు పక్కన పెట్టండి. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వస్తే ఒక పంట మొత్తం పోతుంది. 2025 ఆగస్టులో మన రొయ్యలపై అమెరికా అదనపు సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు పడిన భయం మీరు మరచిపోయి ఉండరు. అటువంటి రోజున గోడమీది పలక మేత కొనిపెట్టదు. ఆ డబ్బు బ్యాంకులో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి.

ఇవన్నీ పోగా 50 వేలు మించకుండా ఒక్క పలక కొనండి. దాన్ని ఇంటి ఖర్చుగా రాసుకోండి. కొనేముందు అమ్మాయిని స్వయంగా చేతిలోకి తీసుకుని చూడమనండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే వెంట్రుకలాంటి పగుళ్ళు కనిపిస్తాయి. అంచు పెచ్చు ఊడితే మళ్ళీ కొలిమిలో పెట్టడం ప్రమాదం, రెసిన్‌తో పూడ్చినది తెలిసిపోతుంది. వెనక సంతకం ఉందో లేదో చూడమనండి. మనకు ఉప్పుగాలి ఎక్కువ కాబట్టి గాజుపూత లేని రాగి భాగం చిలుము పట్టి పచ్చబడుతుంది. సముద్రం వైపు కిటికీ పక్కన తగిలించకండి.

బిల్లు జాగ్రత్త చేయండి. దిగుమతి సుంకం లెక్కకూ అదే ఆధారం, రేపు అమ్మితే పన్ను లెక్కకూ అదే. కళాఖండాన్ని రెండేళ్ళు దాటాక లాభానికి అమ్మితే, ఆ లాభంపై ఇప్పుడున్న పన్ను 12.5 శాతం. ఇంటి బీమా ఉంటే కళాఖండాలను విడిగా చేర్పించాలి, మామూలు సామానుతో కలిసిపోవు.

ఏడాది పాటు ఆ ఒక్కదాన్నీ కళ్ళారా చూసుకోండి. వచ్చే పంట చేతికొచ్చాక రెండోదాని సంగతి నాకు రాయండి.