కొట్టులో నగదు మానేసి ఫోన్ పేమెంట్లే తీసుకోవచ్చా?

గుంటూరులో కిరాణా కొట్టు నడుపుతున్న మీ నాన్నగారితో నగదు పూర్తిగా మాన్పించాలా అని అడిగారు. దేశమంతా అటే వెళ్తోంది కదా అంటున్నారు. విజయవాడ సత్యనారాయణపురంలో మాదీ కిరాణా కొట్టే. స్కానర్ తప్పకుండా పెట్టించండి, నగదు మాత్రం మాన్పించకండి.

స్కానర్ వల్ల నాకు జరిగిన మేలు చిన్నది కాదు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు మా వీధిలో అందరూ డిజిటల్ గురించి మాట్లాడారు గానీ, నిజంగా వాడకం పెరిగింది సౌండ్ బాక్సులు వచ్చాకే. చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు పోయాయి. దొంగనోటు భయం తగ్గింది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి ఛార్జీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, రోజువారీ అమ్మకం బ్యాంకువాళ్ళ కంటికి కనపడటం. అంతకుముందు పండగ సరుకు వేయాలంటే డైలీ ఫైనాన్స్ వాళ్ళే దిక్కు. ఇప్పుడు స్టేట్‌మెంట్ చూపించి తక్కువ వడ్డీకి లోన్ తెచ్చుకోగలిగాను.

ఇక రెండో వైపు. మా బజారులో ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. ఒక సాయంత్రం ఎవరో కుర్రాడొచ్చి "ఏటీఎం పని చెయ్యట్లేదండీ, ఫోన్‌పే చేస్తాను, నోట్లివ్వండి" అన్నాడు. సాయమే కదా అని ఆ షాపాయన ఇచ్చాడు. కుర్రాడు ఫోన్‌పే చేసింది ఎవరినో మోసం చేసి కొట్టేసిన డబ్బు. మోసపోయినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల్లోకి వెళ్లిందో చూసుకుంటూ బ్యాంకులు పట్టి ఉంచుతాయి. ఆ ఏర్పాటును నేను తప్పు పట్టను, డబ్బు పోగొట్టుకున్న మనిషికి ఉన్న ఆశ అదొక్కటే. కానీ పట్టి ఉంచాల్సింది ఆ మోసం డబ్బు వరకే. ఈయన ఖాతా మొత్తం ఆపేశారు. హోల్‌సేల్‌వాళ్ళకిచ్చిన చెక్కు వెనక్కొచ్చింది. బ్యాంకుకెళ్తే పోలీసుల్ని అడగమన్నారు. కేసేమో వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడ ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. అది తేలేదాకా గల్లాపెట్టెలో పడే నోట్లే ఆ ఇంటిని నడిపాయి. ఆయన నగదు తీసుకోవడం మానేసి ఉంటే ఏమయ్యేవాడో తలచుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, మా అక్కావాళ్ళు అక్కడే మేడ మీద చిక్కుకున్నారు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. నీళ్ళలోంచి బయటికొచ్చాక ఆటోకీ, పాలకీ, బావ షుగర్ మందులకీ అక్క బియ్యం డబ్బాలో దాచుకున్న నోట్లే ఆదుకున్నాయి. ఆ నోట్ల సంగతి అప్పటిదాకా బావకే తెలీదు.

ఇలాంటి డబ్బు మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళ దగ్గర ఉంటుంది. దానికి బ్యాంకు మెసేజ్ రాదు, ఇంకొకరి ఫోన్లో కనపడదు. తాగే మొగుడున్న ఇంట్లో పిల్లల ఫీజు అందులోంచే కడతారు. మా కొట్టుకొచ్చే పనివాళ్ళలో చాలామందికి భర్త ఫోన్ తప్ప వేరే ఫోన్ లేదు. వాళ్ళ కష్టార్జితం అంతా ఆ ఫోన్లోకే పోవాలంటే నేను ఒప్పుకోలేను.

పెద్దవాళ్ళ సంగతి కూడా చూడండి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకిచ్చే 4,000 రూపాయల పింఛను సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి నోట్లుగానే ఇస్తున్నారు. ఆ నోటు పట్టుకుని ఒక అవ్వ కందిపప్పుకొస్తే, తీసుకోం అని ఎలా చెప్తాం? బటన్ల ఫోన్‌తో కూడా డబ్బు పంపేందుకు 2022లో యూపీఐ 123పే తెచ్చారు గానీ, మా కొట్టులో పెద్దవాళ్ళెవరూ వాడగా నేను చూడలేదు.

జీఎస్టీ భయంతో స్కానర్ తీసేయాలనుకునేవాళ్ళూ ఉన్నారు. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న కొట్లకు నోటీసులిస్తే, చాలామంది "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. అది సరికాదు. సరుకులమ్మే కొట్టుకు మన ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితే రిజిస్ట్రేషన్ కావాలి, అది నోట్లలో వచ్చినా ఫోన్లో వచ్చినా ఒకటే. బిల్లులు దాచుకోండి చాలు.

మీ నాన్నగారికి ఇవి చెప్పండి. స్కానర్‌కు విడిగా ఒక ఖాతా పెట్టుకోవాలి, ఇంటి పొదుపు ఉన్న ఖాతా ఇవ్వకూడదు. సౌండ్ బాక్స్ మోగాకే సరుకు కవర్ అందించాలి, స్క్రీన్‌షాట్ చూసి కాదు. కస్టమర్‌కి కట్ అయి మనకు పడకపోతే గొడవ పడక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2019 నియమం ప్రకారం అయిదు రోజుల్లో ఆ డబ్బు అతని ఖాతాలోకి తిరిగెళ్ళాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం కూడా ఇవ్వాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్‌పే చేస్తాం, నోట్లివ్వమంటే మాత్రం ఎంత బతిమాలినా ఇవ్వొద్దనండి.