మా మండలంలో స్కిల్ శిక్షణ కేంద్రం నిధుల్లేక ఆగిపోయింది. ఎమ్మెల్యేకి, ఎంపీకి వినతిపత్రాలు ఇచ్చినా కదలిక లేదు. ఇంకేం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ: మీ మండలంలో డీడీయూ-జీకేవై (పల్లె పేద యువతకి పని నేర్పి ఉద్యోగం చూపించే కేంద్ర పథకం) కింద రొయ్యల చెరువు టెక్నీషియన్, ఆసుపత్రి సహాయకుల కోర్సులు నడిపిన కేంద్రం ఆగిపోయింది. అడిగితే "బడ్జెట్ లేదు" అన్నారు. ఊళ్లో సంతకాలు సేకరించి ఎమ్మెల్యే గారికి, ఎంపీ గారికి వినతిపత్రాలు ఇచ్చారు, ఫొటోలు దిగారు, అక్కడితో సరి. మధ్యలో ఆగిన బ్యాచ్ పిల్లలు మాత్రం మిమ్మల్నే అడుగుతున్నారు.

నేను అమలాపురం చుట్టుపక్కల ఇలాంటి కేంద్రంలోనే కొన్నేళ్లు పనిచేశాను. పిల్లల్ని చేర్పించడం, కోర్సు అయ్యాక ఎక్కడో ఒకచోట పనిలో పెట్టించడం నా డ్యూటీ. మా కేంద్రం కూడా ఒకసారి ఇలాగే ఆగి మళ్లీ తెరుచుకుంది. నేను చూసినంతలో వినతిపత్రాలతో ఏమీ జరగలేదు. ఎవరో ఒక అధికారి కాగితం మీద జవాబు రాయక తప్పని ప్రశ్న పడ్డప్పుడే ఫైలు కదిలింది.

"బడ్జెట్ లేదు" అన్న మాట పట్టుకుని ఊరుకోకండి. చాలాసార్లు పద్దులో డబ్బు ఉంటుంది, మీ కేంద్రం దాకా రాదు. డీడీయూ-జీకేవై కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ పథకం. 2014 సెప్టెంబరు 25న మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల లోపు పల్లె పేద యువత కోసం పెట్టారు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. మన రాష్ట్రంలో దీన్ని చూసేది సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ. పాఠాలు చెప్పే పని ఏదో ఒక సంస్థకి అప్పగిస్తారు. ఆ సంస్థకి డబ్బు ఒకేసారి ఇవ్వరు, విడతలుగా ఇస్తారు. చివరి విడతలు రావాలంటే శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మంది ఉద్యోగాల్లో చేరి జీతం తీసుకుంటున్నట్టు రుజువు చూపాలి. రాష్ట్ర వాటా ఆలస్యమైతే ఒక రకం తంటా, రుజువులు ఆగితే ఇంకో రకం తంటా. బయటికి మాత్రం రెండింటికీ ఒకటే మాట చెబుతారు.

మన డెల్టాలో ఎక్కువ చిక్కు రుజువుల దగ్గరే వస్తుంది. రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రాడినే తీసుకోండి. తెల్లవారుజామునే చెక్ ట్రేలు ఎత్తి మేత ఎంత మిగిలిందో చూస్తాడు. ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్లు ఆన్ చేస్తాడు, అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెడతాడు. గట్టు మీద షెడ్డులోనే కాపురం. రైతు అతనికి నెలనెలా ఖర్చులకి కొంత చేతికిచ్చి, మిగతాది రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూస్తాడు. పే స్లిప్పు ఉండదు, పీఎఫ్ ఉండదు. కాబట్టి శాఖ కాగితాల్లో ఆ కుర్రాడు నిరుద్యోగి! అదే కుర్రాణ్ని హైదరాబాదులో ఏదో గోదాములో ప్యాకింగ్ పనిలో పెడితే ప్లేస్‌మెంట్ కింద లెక్క. గది అద్దె, తిండి ఖర్చు పోను చేతిలో ఏమీ మిగలక మూడు నెలలు తిరక్కుండానే బస్సెక్కి వచ్చేస్తాడు. అప్పుడు ఆ ప్లేస్‌మెంట్ కూడా పోయినట్టే. ఆసుపత్రి సహాయకులది కూడా దాదాపు ఇదే కథ. పట్నంలో నర్సింగ్ హోముల్లో పని దొరుకుతుంది కానీ జీతం చాలాచోట్ల కవర్లో పెట్టి ఇస్తారు.

అలాగని అధికారుల మీద పడీ లాభం లేదు. ఈ రంగంలో దొంగ లెక్కలు కూడా తక్కువేం లేవు. పీఎంకేవీవై అనే ఇంకో కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం మీద 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే సంస్థ) నివేదిక చూడండి. అభ్యర్థుల్లో అత్యధికుల బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో, సున్నాలతోనో ఉందని తేల్చింది. అలాంటివి బయటపడ్డాక ఏ అధికారీ రుజువు లేకుండా సంతకం పెట్టడు. పెట్టకూడదు కూడా.

మేం ఏం చేశామంటే, చెరువు రైతుల్ని కూర్చోబెట్టి నెల జీతం కుర్రాడి ఖాతాలోనే వేయమని అడిగాం. చాలామంది ఒప్పుకోలేదు. "రేపు పీఎఫ్ కట్టమంటారు, లేబర్ ఆఫీసు వాళ్లొస్తారు, మాకెందుకండీ ఈ గొడవ" అన్నారు. కొందరు మాత్రం సరే అన్నారు. వాళ్ల దగ్గర పనిచేసే పిల్లల ఖాతా స్టేట్‌మెంట్లు, ఫలానా చెరువు మీద ఫలానా తేదీ నుంచి పనిలో ఉన్నాడని రైతు సంతకం చేసిన లేఖ, చెరువు లైసెన్సు నకలు కలిపి ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు తయారుచేశాం. అప్పటినుంచి ఏ ఆఫీసుకి వెళ్లినా మాకు కుర్చీ వేయడం మొదలైంది.

మీరు ముందు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేయండి. జిల్లా, రాష్ట్ర ఆఫీసులకైతే పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "మా కేంద్రాన్ని ఎందుకు ఆపారు" అని రాస్తే, కారణాలు చెప్పడం సమాచారం కిందకి రాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి. మీ కేంద్రానికి మంజూరైన మొత్తం ఎంత, ఏ తేదీన ఏ విడత విడుదలైంది, పెండింగులో ఉన్న విడత ఎంత, ఆ విడతకి సంబంధించిన నోట్ ఫైలు (అధికారులు ఫైలు మీద రాసుకున్న మాటలు) నకళ్లు. చివరిది తప్పకుండా అడగండి. అసలు సంగతి నోట్ ఫైలులోనే ఉంటుంది.

జవాబు చేతికొచ్చాక దిశ కమిటీ సంగతి చూడాలి. పూర్తి పేరు జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ. కేంద్ర నిధులతో నడిచే పథకాలను జిల్లాలో సమీక్షించేది ఇదే. లోక్‌సభ సభ్యుడు అధ్యక్షుడు, కలెక్టర్ సభ్య కార్యదర్శి, ఎమ్మెల్యేలు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఎంపీ గారికి మీరు ఇచ్చిన వినతిపత్రం "తగు చర్య నిమిత్తం" అన్న ముద్రతో కలెక్టరేటుకి, అక్కడినుంచి ఇంకెక్కడికో వెళ్తుంది. అదే విషయం దిశ మీటింగులో అజెండాగా వస్తే మినిట్స్‌లో ఎక్కుతుంది. తర్వాతి మీటింగుకి "తీసుకున్న చర్య" అన్న గడిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి తీరాలి. ఎంపీ ఒక్కరినే పట్టుకు వేలాడకుండా సభ్యుల్లో ఇంకొకరికి కూడా మీ కాగితం చేర్చండి. మీ కాగితం ఒక పేజీ దాటొద్దు. మొదటి పేజీ దాటి ఎవరూ చదవరు.

ఇక చట్టసభల మాట. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకి 20 ప్రశ్నలకే మంత్రి నోటితో జవాబు చెబుతారు, మిగతావాటికి రాతపూర్వకంగా వస్తుంది. నిజానికి మనకి రాతపూర్వక జవాబే మేలు. టీవీలో కనబడదు గానీ జిల్లాలవారీ పట్టికతో సహా వస్తుంది, పార్లమెంటు వెబ్‌సైటులో శాశ్వతంగా ఉంటుంది. ఏ శాఖ ఏ రోజు జవాబు చెప్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు: డీడీయూ-జీకేవై గురించి నైపుణ్యాభివృద్ధి శాఖని అడిగితే "మా పరిధి కాదు" అంటారు. గ్రామీణాభివృద్ధి శాఖని అడగాలి.

ప్రశ్న మీరే తయారుచేసి ఇవ్వండి. ఎంపీ ఆఫీసులో కూర్చునే కుర్రాళ్లకి వంద పనులు, మీ వినతిపత్రం చదివి ప్రశ్న తయారుచేసే తీరిక వాళ్లకెక్కడిది? మేం ఇచ్చింది ఇంచుమించు ఇలా ఉండేది: గోదావరి డెల్టా జిల్లాల్లో ఈ పథకం కింద గత మూడేళ్లలో జిల్లాలవారీగా ఎందరు శిక్షణ పొందారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, ఎన్ని కేంద్రాలకి విడతలు ఆగాయి, ఏ కారణంతో, ఆక్వా వంటి రంగాల్లో జీతం బ్యాంకు ఖాతాలో పడినట్టు చూపితే పే స్లిప్పు లేకపోయినా ప్లేస్‌మెంట్‌గా లెక్కిస్తారా, లేకపోతే ఎందుకు. చివర్లో అడిగిన జీతం ఖాతా సంగతే మా అసలు ప్రశ్న, ముందువన్నీ దానికి దారి.

రాష్ట్రంలో అయితే శాసనసభ ఒక్కటే కాదు, మండలి కూడా ఉంది. ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రులకి ప్రత్యేకంగా ఒక ఎమ్మెల్సీ ఉంటారు. 2025 ఫిబ్రవరిలోనే ఎన్నిక జరిగింది. ఓటు వేసిన డిగ్రీ పిల్లలే వెళ్లి అడిగితే ఆ ఇంట్లో టీ ఇచ్చి కూర్చోబెడతారు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకీ ఇవ్వండి, మొహమాటపడకండి. మా ఊళ్లో దీని మీద పెద్ద రగడే అయింది, "అవతలి పార్టీ వాళ్ల దగ్గరికెందుకు వెళ్లారు" అని. గద్దల్లా ప్రశ్నలు వెతుక్కునేది ప్రతిపక్షమే కదండీ. పద్దుల మీద చర్చ జరిగే రోజుల్లో కోత తీర్మానం అని ఒకటుంది. ఆ పద్దులో 100 రూపాయలు తగ్గించాలని ప్రతిపాదిస్తారు. వంద తగ్గించడానికి కాదు, ఒక ఫిర్యాదుని సభ ముందు పెట్టడానికి.

మేం ఎమ్మెల్సీకి ఇచ్చిన ప్రశ్న సభలో చర్చదాకా రానేలేదు. సెషన్ అయిపోయింది. అయినా నోటీసు వెళ్లగానే పైనుంచి జిల్లా ఆఫీసుకి లెక్కలు పంపమని ఫోన్లు వచ్చాయి, అటకెక్కిన మా ఫైళ్లు కిందికి దిగాయి. ఖాతా స్టేట్‌మెంట్లు ఉన్న పిల్లల వరకు విడత వచ్చింది. లేనివాళ్లది రాలేదు.

టైమింగ్ చాలా ముఖ్యం. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో పెడతారని అందరూ సంక్రాంతి వెళ్లాక కదులుతారు. శాఖలు ప్రతిపాదనలు తయారుచేసేది అంతకు కొన్ని నెలల ముందే. కొత్త కోర్సో, కొత్త కేంద్రమో కావాలంటే దసరా, దీపావళి మధ్యే మీ కాగితం శాఖకి చేరాలి. ఎన్నికల కోడ్ వస్తే కొత్త మంజూరులు ఏవీ కావు, అప్పుడు తిరిగి చెప్పులరిగించుకోకండి.

సంతకాలు వందల్లో సేకరించామని రాశారు. పిల్లల సంతకాలు వందకంటే యజమానుల లేఖలు పది ఎక్కువ పనిచేస్తాయి. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మేత కంపెనీలు, అంబాజీపేట కొబ్బరి పీచు యూనిట్లు, రాజమండ్రి, కాకినాడ ఆసుపత్రులు ఉన్నాయి. "మాకు ఏడాదికి ఇంతమంది కావాలి, ఈ పని వచ్చి ఉండాలి, ఇంత జీతం ఖాతాలో వేస్తాం" అని లెటర్‌హెడ్ మీద రాయించండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్కిల్ కమిటీ ఉంటుంది. ఏ కోర్సులు నడపాలో జిల్లా ప్రణాళికలో రాసేది వాళ్లే. ఇలాంటి లేఖలు లేకే ఎక్కడ చూసినా టైలరింగ్, డేటా ఎంట్రీ తప్ప ఇంకో కోర్సు కనబడదు. మిషన్లు చవక, పాఠం చెప్పేవాళ్లు సులభంగా దొరుకుతారు, అందుకని అవే పెడతారు.

ఎంపీ నిధులతో నడిపించమని అడుగుదామని కూడా రాశారు. ఏడాదికి 5 కోట్లు ఉంటాయి నిజమే, కానీ అవి శాశ్వత ఆస్తులకే. షెడ్డు కట్టించవచ్చు, బోధకుల జీతం ఇవ్వకూడదు. జీతాలకైతే సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన డబ్బు, అడగండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ జాబితాలో ఉంది. మన నేల కింద గ్యాసు తోడుకునే కంపెనీలు ఉండగా వేరే ఊరు వెతుక్కోనక్కర్లేదు. ఐటీఐ దగ్గర్లో ఉంటే ఇంకో దారి కూడా ఉంది. వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను మెరుగుపరిచే పీఎం-సేతు 2025 అక్టోబరులో మొదలైంది, 60,000 కోట్ల పథకం. అందులో మీ జిల్లా ఐటీఐ ఉందా, ఉంటే ఆక్వా కోర్సు పెడతారా అన్నది దిశ మీటింగులో అడగదగ్గ ప్రశ్నే.

ఇవన్నీ తేలేసరికి నెలలు పడుతుంది. ఈలోపు ఆగిపోయిన బ్యాచ్ పిల్లల్ని ఖాళీగా కూర్చోబెట్టకండి. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవాళ్లని మీ జిల్లా లీడ్ బ్యాంకు నడిపే ఆర్సెటీకి (స్వయం ఉపాధి శిక్షణ సంస్థకి) పంపండి. శిక్షణ, భోజనం, బస ఉచితం, తర్వాత లోనుకి కూడా వాళ్లే దారి చూపిస్తారు. ఆసుపత్రి కోర్సు సగంలో ఉన్న ఆడపిల్లల హాజరు రిజిస్టరు నకలు మాత్రం ఇవాళే తీసి పెట్టుకోండి. కేంద్రం తాళం వేసుకుని సంస్థ వెళ్లిపోతే, రేపు ఎక్కడైనా మళ్లీ చేర్పించడానికి వాళ్ల దగ్గర అదొక్కటే ఆధారం.