బైబిల్లో పేర్ల జాబితాలు ఎందుకు? వదిలేసి చదవొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. బైబిల్ మొదలుపెట్టాను కానీ 'ఫలానావాడు ఫలానావాణ్ని కనెను' దగ్గరే ఆగిపోతున్నాను. వీటితో ఉపయోగం ఏమిటి?

జవాబు: మొదటిసారి చదివేటప్పుడు దాటేయండి, తప్పేం లేదు. మొదటి దినవృత్తాంతములు అనే పుస్తకంలో మొదటి తొమ్మిది అధ్యాయాలు దాదాపుగా పేర్లే, నాకూ నిద్ర వచ్చింది.

అయితే అవి ఉత్తినే రాసినవి కావు. మన దగ్గర తాత పొలం మనవళ్ల పేరుకు మారాలంటే వారసులెవరో కాగితం మీద తేలాలి కదా, అక్కడా అంతే. సంఖ్యాకాండం 27లో కొడుకులు లేని సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు తండ్రి వాటా తమకు ఇమ్మని అడిగి గెలిచారు. ఐదుగురి పేర్లూ రాసిపెట్టారు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. యాజకత్వమూ (పూజారి పదవి) వంశాన్ని బట్టే వచ్చేది. ఎజ్రా 2లో, బబులోనుకు బందీలుగా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చిన కొన్ని కుటుంబాలకు వంశావళిలో తమ పేర్లు దొరకలేదు, దాంతో యాజకత్వం నుంచి తప్పించారు. కొండమీద అర్చకత్వం తరతరాలుగా కొన్ని కుటుంబాల్లోనే ఉండటం చూసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం మాత్రం దాటేయకండి. అబ్రాహాము నుంచి యేసు వరకు వంశాన్ని మత్తయి పద్నాలుగేసి తరాల మూడు వరుసలుగా లెక్క కట్టాడు. అలా కుదరడానికి కొందరు రాజుల్ని వదిలేశాడు కూడా! మగవాళ్ల వరుస మధ్యలో తామారు, రాహాబు, రూతు, 'ఊరియా భార్య' (దావీదు రాజు తనదిగా చేసుకున్న బత్షెబ) వస్తారు. రూతు మోయాబీయురాలు, అంటే పరాయి జాతి స్త్రీ, రాహాబు యెరికో వేశ్య. గొప్పలకు రాసుకున్న వంశవృక్షమైతే ముందు కొట్టేసేది ఈ పేర్లనే.