గేర్‌సొప్పా ఓడ: ముత్తాతగారి పేరు ఎక్కడ వెతకాలి

రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ గేర్‌సొప్పాలో పనిచేశారంటున్న మీ ముత్తాతగారి పేరు, వాణిజ్య నావికుల కోసం కట్టిన లండన్ టవర్ హిల్ స్మారకంలో లేదు కాబట్టి ఆయన బతికి బయటపడ్డారేమో అంటున్నారు. అలా అనుకోవద్దండీ. భారతీయ నావికుల పేర్లు ఎక్కువగా బాంబే/చిట్టగాంగ్ 1939-1945 స్మారకంలో నమోదయ్యాయి. యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఓడ పేరుతో వెతకండి. ఆయన పేరుకు ఒక్క స్పెల్లింగే పట్టుకుని కూర్చోకండి, గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసేశారు.

కలకత్తా నుంచి వెండితో బయలుదేరిన గేర్‌సొప్పా బొగ్గు తగ్గి 1941 ఫిబ్రవరిలో కాన్వాయ్ (రక్షణతో కలిసి సాగే ఓడల గుంపు) వదిలి ఐర్లాండ్‌లోని గాల్వే వైపు మళ్లింది. 16వ తేదీ రాత్రి జర్మన్ జలాంతర్గామి యు-101 టార్పెడోతో ముంచేసింది. ఓడలో ఎనభైమందికి పైగా ఉన్నారు. ఒక పడవ మాత్రం 13 రోజులు కొట్టుకుపోయి ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ తీరం చేరింది. తీరా ఒడ్డు కనబడ్డాక అలలకు తిరగబడింది. అందులోంచి సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఐర్స్ ఒక్కరే మిగిలారు.

2012లో వెండి బయటికి తీసినప్పుడు పేపర్లన్నీ దాని ధరే రాశాయి, లష్కర్ల (భారతీయ నావికుల) ఊసే తక్కువ. ముందు ఆయన ఆ ప్రయాణంలోనే ఉన్నారో లేదో సిబ్బంది జాబితాలో చూసుకోండి.