తిరుపతిలో ఆటిజం ఉన్న పెద్దపిల్లలకి యూనివర్సిటీలు ఏమైనా చేస్తాయా?

మీ అబ్బాయికి 17 అని రాశారు. ఇంకో ఏడాది పోతే పిల్లల సెంటర్లు రానివ్వవంట, అమెరికాలో అయితే యూనివర్సిటీలే పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరినీ చూసుకుంటాయంట, మన ఊళ్లోనూ ఇన్ని యూనివర్సిటీలున్నాయి కదా అని అడిగారు. మా తమ్ముడికి ఇప్పుడు 28. వాడి సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది ఏరుకోండి. సూటిగా జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు.

18 దగ్గర తలుపు మూసేస్తారని మీరు విన్నది నిజమే. సర్కారు వాళ్ల బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని కింద నడిచే డీఈఐసీలు, అంటే జిల్లాల్లో పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రాలు, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకానే. మండలాల్లో ఉండే భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకి. ప్రైవేటు థెరపీ వాళ్లకి అలాంటి రూలేమీ లేదు గానీ, మావాడికి మీసాలొచ్చిన ఏడు ఒక సెంటర్లో రిసెప్షన్ ఆవిడ మా అమ్మని పక్కకి పిలిచి, "అంతా చిన్న పిల్లోళ్లు వస్తారు గదమ్మా ఈడికి, ఇంత పెద్దోణ్ణి చూస్తే వాళ్ల తల్లులు బయపడతా ఉండారు" అంది. మెత్తగానే అంది. అమ్మ మారు మాట్లాడలేదు. మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా వాడి చెయ్యి మాత్రం వదల్లేదు. ఆటిజమేమన్నా పద్దెనిమిదో పుట్టినరోజున రిటైరైపోతుందా?

ఆ తర్వాత నాలుగేళ్లు వాడు ఇంట్లోనే. అప్పుడొచ్చింది మా ఇంటికి యూనివర్సిటీ. మేం దాని దగ్గరికి పోలేదు, అదే మా కొర్లగుంట సందులోకి వెతుక్కుంటూ వచ్చింది. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. మన ఊళ్లో రాయి విసిరితే ఏదో ఒక క్యాంపస్‌లో పడుతుంది. పీజీ సైకాలజీ చదివే అమ్మాయి, పక్కింటి వాళ్లకి చుట్టం. ప్రాజెక్టుకి ఆటిజం ఉన్న మనిషి కావాలంట. ప్రతి మంగళవారం నాలుగింటికి, ఎనిమిది వారాలు వస్తానంది.

మొదటి రోజు ఇసా ఫారం తెచ్చింది, ఆటిజం ఎంత ఉందో కొలిచేది. మీరూ నింపే ఉంటారు, 40 అంశాలుంటాయి, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో పెట్టేదీ అదే. అమ్మ చెబుతుంటే టిక్కులు పెట్టుకుంది. రెండో వారం నుంచి కింద చాప మీద వాడి ఎదురుగా కూర్చునేది. రంగు కార్డులు, పూసలు, బొమ్మలు. మావాడు మాట్లాడేది రోజుకి పది మాటలు. ఆ అమ్మాయి మిగతా జనంలాగా "ఏం తింటాడు, ఎప్పుడు నిద్రపోతాడు" అని మమ్మల్ని అడగకుండా వాడినే అడిగేది. జవాబు వచ్చేదాకా కూర్చునేది. నాలుగేళ్లలో బయటి మనిషెవరూ అలా కూర్చోలేదు. వాడు ఆమెకి పేరు కూడా పెట్టాడు, "మంగళారం అక్క" అని. మంగళవారం మూడింటికే స్నానం చేసి, నీలం చొక్కా వేసుకుని, గేటు గొళ్లెం తీసి పట్టుకుని నిలబడేవాడు.

తొమ్మిదో మంగళవారం ఆమె రాలేదు. ప్రాజెక్టు అయిపోయింది, వైవా కూడా బాగా చేసిందంట. మాకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది, స్వీట్ బాక్సు పంపించింది. మా ముగ్గురికీ చెప్పినట్టే. వాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మ "అక్క రాదులే నాయనా, పరీక్షలంట" అంటే వాడు "మంగళారం" అన్నాడు. అంతే. తర్వాతి మంగళవారమూ నీలం చొక్కా, గేటు, నాలుగు గంటలు. ఆ తర్వాతిదీ అంతే. ఏప్రిల్ పోయింది, మే వచ్చింది. తిరుపతి రోహిణి కార్తె ఎండ మీకు నేను చెప్పనక్కర్లేదు. వాడు గేటు పట్టుకుని నిలబడితే అమ్మ వెనకాల గొడుగు పట్టుకుని నిలబడేది. లోపలికి లాగితే చెయ్యి కొరుక్కునేవాడు. ఎదురింటాయన ఒకరోజు "ఏంది సామీ, ఎవురికి కాపలా?" అని నవ్వాడు. ఆయనతో నేను ఈ రోజుకీ మాట్లాడను.

ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని కూర్చుని మీలాగే నేనూ అమెరికా యూనివర్సిటీలన్నీ తిరిగేశాను. నార్త్ కరోలినా యూనివర్సిటీలో టీచ్ అనే కార్యక్రమం ఉంది, 1972 నుంచి నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టిన ఎరిక్ షాప్లర్ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం, ఎందుకంటే ఆ కాలంలో తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పెద్దపెద్ద డాక్టర్లు చెప్పేవాళ్లు. ఆయన చదువుకున్న చోట అదే మాట. ఆయన మాత్రం తల్లిదండ్రుల్ని నేరస్తుల్లా చూడడం ఆపి, చికిత్సలో తోటి మనుషులుగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా మేనత్త ఇప్పటికీ "మీ యమ్మ బడికి పొయ్యేది గదా, బిడ్డని సరిగ్గా పట్టించుకోలేదు" అంటుంది. యాభై ఏళ్ల కిందట అమెరికాలో చచ్చిపోయిన మాట మా ఇంట్లో ఇంకా కాఫీ తాగుతోంది.

ఆ టీచ్ పద్ధతిలో ఏ పని ఇచ్చినా మనిషికి నాలుగు సంగతులు కంటికి కనబడేలా చెప్పాలంటారు. ఏం చెయ్యాలి, ఎంత చెయ్యాలి, అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది, ఆ తర్వాత ఏంటి. మూడోది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మంగళవారాలు ఎన్ని ఉంటాయో మేం వాడికి చెప్పనే లేదు.

మర్నాడే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. బెంగుళూరులో ఉద్యోగంలో ఉంది. విషయం చెబితే ఏడ్చింది, పాపం. అట్ట మీద నాలుగు గళ్లు గీసి, గడికొక్క ఆమె ఫొటో అంటించి, పక్కన చెప్పుల డబ్బా పెట్టాం. నాలుగు మంగళవారాలు సరిగ్గా నాలుగింటికి వీడియో కాల్ చేసింది. ప్రతిసారీ కాల్ అయ్యాక వాడు ఒక ఫొటో పీకి డబ్బాలో వేసేవాడు. మొదటి రోజు అరగంట, చివరి రోజు ఐదు నిమిషాలు. చివరి రోజు ఆమే చెప్పింది, "చిన్నా, మంగళారం అక్క అయిపోయింది" అని. వాడు నాలుగో ఫొటో వేసి మూత పెట్టాడు. ఆ పై మంగళవారం నాలుగింటికి గేటు దాకా వెళ్లాడు, ఒక్క నిమిషం చూశాడు, గొళ్లెం వేసి లోపలికి వచ్చి అమ్మని కాఫీ అడిగాడు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమెకి రెండేళ్ల కోర్సు, ఒక గైడు, ఒక సబ్మిషన్ తేదీ. తప్పంతా ఆ డిపార్ట్‌మెంటుది. ఏటా ఒక బ్యాచ్‌ని ఊళ్లోకి వదిలి, ఫారాలు నింపించుకుని, బైండు చేసి బీరువాలో పెట్టేస్తారు. బ్యాచ్ మారినా మారని గది ఒకటి కావాలి. ఇదే నా మొత్తం అభిప్రాయం, మిగతాదంతా దీని చుట్టూ తిరగడమే.

అమెరికా వాళ్లకి ఆ గదులున్నాయి. ఫ్లోరిడాలో రాష్ట్ర ప్రభుత్వమే డబ్బిచ్చి కార్డ్ అనే కేంద్రాలు ఏడింటిని యూనివర్సిటీల్లో పెట్టింది. ఏ వయసు వాళ్లయినా రావచ్చు, కుటుంబాల దగ్గర ఫీజు తీసుకోరు. అయితే అక్కడ వారానికి మూడు రోజులు థెరపీ చేస్తారని అనుకోకండి. వాళ్ల పని ముఖ్యంగా ఇంట్లో వాళ్లకి దారి చూపడం, టీచర్లకి నేర్పడం. వెస్ట్ వర్జీనియాలో మార్షల్ యూనివర్సిటీది ఇంకా మంచి కథ. ఆటిజం ఉన్న కొడుకున్న రూత్ సల్లివన్ అనే తల్లి మరికొందరు తల్లిదండ్రుల్ని వెంటేసుకుని శాసనసభ చుట్టూ తిరిగి, 1980లలో అక్కడ ఆటిజం శిక్షణ కేంద్రం పెట్టించింది. తర్వాత 2002లో అదే యూనివర్సిటీ ఆటిజం ఉన్న కాలేజీ విద్యార్థులకి తోడుగా ఉండే కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే అక్కడి వైస్ చాన్సలర్లకేదో జాలి పొంగుకొచ్చి చేసింది కాదు. తల్లులు తగులుకున్నారు, వదల్లేదు.

అసలు ఈ పనికి తిరుపతిని మించిన ఊరు దేశంలోనే లేదంటాను నేను. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015లో ఐఐటీ, అదే ఏడు ఐసర్. ఇవి కాక సంస్కృతానికొకటి, పశువులకొకటి, వేదానికొకటి, మెడికల్ కాలేజీలు. ఆవుకి జబ్బు చేస్తే చూడ్డానికి యూనివర్సిటీ ఉన్న ఊళ్లో 28 ఏళ్ల మనిషి మంగళవారం సాయంత్రం పోయి కూర్చోవడానికి ఒక గది దొరకదా? సైకాలజీ పిల్లలు, హోమ్ సైన్స్ పిల్లలు, బీఈడీ వాళ్లు వంతులేసుకుని నడపొచ్చు. లా చదివేవాళ్లు గార్డియన్‌షిప్ అర్జీలు రాసిపెట్టొచ్చు. ఇంజనీరింగ్ పిల్లలకి మాత్రం ఒక దండం. ఆటిజానికి యాప్ చేశామని ఇప్పటికి ముగ్గురొచ్చారు, ముగ్గురి యాప్‌లోనూ చప్పట్ల చప్పుడే. మావాడు చెవులు మూసుకుని లేచిపోయాడు.

చప్పుడంటే గుర్తొచ్చింది. ఏప్రిల్ 2 ఆటిజం దినం కదా, ఒక ఏడాది అవగాహన ర్యాలీకి మమ్మల్నీ పిలిచారు. నీలం టోపీలు, బ్యానర్లు, ముందు తప్పెట్లు! ఆటిజం ఉన్నవాళ్లకి శబ్దం పడదని బ్యానర్ మీద రాసి, దాని ముందు తప్పెట్లు కొట్టించారు. మేం సందు మొదట్లోనే వెనక్కి తిరిగొచ్చేశాం.

సరే, మీ అబ్బాయికి 18 నిండేలోపు చెయ్యాల్సినవి. సదరం సర్టిఫికెట్‌లో ఆటిజం అని రాయించుకోండి. పాత రోజుల్లో బుద్ధిమాంద్యం అని రాసి పంపేసేవాళ్లు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఆటిజం విడిగా ఉంది కాబట్టి గట్టిగా అడగండి. స్లాట్ దొరకడం ఒక యజ్ఞం, అది వేరే సంగతి. 18 దాటితే చట్టం దృష్టిలో వాడు స్వతంత్రుడు. సంతకాలకి, ఆస్తి విషయాలకి మీరు అమ్మానాన్నలైనంత మాత్రాన సరిపోదు, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే కమిటీ దగ్గర లీగల్ గార్డియన్‌షిప్ తీసుకోవాలి. నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వస్తుంది, దానికి వయసు అడ్డు లేదు. చదువుతానంటే మాత్రం ఆపకండి. 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే సర్కారు కాలేజీల్లో 5 శాతం సీట్లున్నాయి, పరీక్షలో గంటకి 20 నిమిషాలు ఎక్కువ అడగొచ్చు. ఇక్కడ దారి దొరక్కపోతే చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ, చెన్నై దాటితే ముట్టుకాడులో బహుళ వైకల్యాల వాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఉన్నాయి. మా వాళ్లు "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నట్టు మీ వాళ్లూ అంటారు, ఆ చెవితో విని ఈ చెవితో వదిలెయ్యండి. ఆటిజం అంటే లెక్కల్లో జీనియస్ కదా అనేవాళ్లని కూడా. మావాడికి యాభై రూపాయల నోటుకి చిల్లర లెక్కపెట్టడమే పెద్ద పని.

ఇప్పుడు వాడేం చేస్తున్నాడంటే, మా బాబాయికి ఒక క్యాంపస్ ఎదురుగా జెరాక్స్ షాపుంది, అందులో స్పైరల్ బైండింగ్ చేస్తాడు. అట్ట, కాగితాలు, ప్లాస్టిక్ షీటు, చుట్ట, ఈ వరస ఎప్పుడూ తప్పడు. ఎడమ పక్క చెయ్యాల్సినవి, కుడి పక్క చెప్పుల డబ్బా కంటే పెద్ద అట్టపెట్టెలో అయిపోయినవి. మార్చి, ఏప్రిల్ ప్రాజెక్టుల సీజన్‌లో రోజుకి అరవై దాకా కడతాడు. మొన్న ఒకదాని అట్ట మీద ఆటిజం అని కనబడితే లోపల ఏం రాశారో చూద్దామని నేను పేజీలు తిప్పుతున్నా. వాడు నా చేతిలోంచి లాక్కుని మిషన్ కింద పెట్టేశాడు. వరస చెడిపోతుంది కదా.

మీ అబ్బాయిని ఒకసారి షాపుకి తీసుకురండి, వాడు పని చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తాడు. మెసేజ్ పెడితే అడ్రస్ ఇస్తాను. మంగళవారం తప్ప ఎప్పుడైనా రండి. పోయేటప్పుడు మాత్రం మళ్లీ వస్తారో రారో, వస్తే ఎప్పుడో, వాడికే చెప్పి పోండి. నాకు కాదు.