మందు రక్తంలో తగ్గినా పని ఆగదెందుకు?

ప్రశ్న: రెండు మందులకూ కేడీ (రిసెప్టర్లలో సగాన్ని నింపే మందు గాఢత; ఎంత తక్కువైతే బంధం అంత బలం) 1 నానోమోలారే. ఒకదాని ప్రభావం కాసేపే, రెండోదానిది గంటల తరబడి. రిసెప్టర్‌తో (మందు అతుక్కునే కణంలోని ప్రోటీన్‌తో) బంధం బలం ఒకటే అయితే ఈ తేడా ఎక్కడిది?

జవాబు: కేడీ ఒక నిష్పత్తి. విడిపోయే రేటును అతుక్కునే రేటుతో భాగిస్తే వస్తుంది. రెండు రేట్లూ పదో వంతుకు పడిపోయినా కేడీ కదలదు. మీ మొదటి మందు సెకనుకు 0.001 రేటున విడిపోతోందనుకుందాం. 1ని ఆ రేటుతో భాగిస్తే నివాసకాలం, అంటే మందు అణువు రిసెప్టర్ మీద సగటున ఉండే సమయం: 1000 సెకన్లు, సుమారు 17 నిమిషాలు. రెండోదాని రేటు 0.0001 అయితే 10,000 సెకన్లు, అంటే దాదాపు 2 గంటల 47 నిమిషాలు. నివాసకాలాన్ని 0.693తో గుణిస్తే, పట్టుబడ్డ రిసెప్టర్లలో సగం ఖాళీ కావడానికి పట్టే సమయం, అంటే విడిపోయే అర్ధాయువు, తెలుస్తుంది.

పీల్చే మందుల్లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇప్రాట్రోపియం, టియోట్రోపియం రెండూ శ్వాసనాళాల కండరాల మీది ఎం3 రిసెప్టర్లను అడ్డుకుంటాయి. తొలి ప్రయోగశాల కొలతల్లో ఎం3 నుంచి విడిపోయే అర్ధాయువు మొదటిదానికి సుమారు 16 నిమిషాలు, రెండోదానికి సుమారు 35 గంటలు. మొదటిదాన్ని రోజుకు మూడు నాలుగుసార్లు పీల్చాలి, రెండోది ఒక్కసారి చాలు. ఇంకో విశేషం: టియోట్రోపియం ఎం3కీ, అదే కుటుంబానికి చెందిన ఎం2 రిసెప్టర్‌కూ దాదాపు ఒకే బలంతో అతుక్కుంటుంది, కానీ ఎం2ను సుమారు పది రెట్లు త్వరగా వదిలేస్తుంది. కేడీ పట్టిక మాత్రమే చూస్తే ఈ ఎంపిక కనబడనే కనబడదు.

ప్రశ్న: అయితే ఎంత నెమ్మదిగా వదిలితే అంత మంచి మందా?

జవాబు: కాదు. ముందు రెండు కాలాలు పోల్చండి: రక్తంలో మందు అర్ధాయువు, రిసెప్టర్ నుంచి విడిపోయే అర్ధాయువు. రక్తంలో 12 గంటలుండే మందు రిసెప్టర్ మీద 10 నిమిషాలుంటేనేం, గంట ఉంటేనేం? విడిపోయిన చోట మరో అణువు వచ్చి కూర్చుంటుంది. రక్తంలోంచి త్వరగా పోయే మందుకే నివాసకాలం అక్కరకొస్తుంది.

దీర్ఘ నివాసం చిక్కులూ తెస్తుంది. బ్యూప్రెనార్ఫిన్ ఓపియాయిడ్ (నల్లమందు జాతి మందులు పనిచేసే) రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. అందుకే దాని మోతాదు ఎక్కువైనప్పుడు దాని విరుగుడు నాలాక్సోన్ మామూలు మోతాదు చాలకపోవచ్చు. పైగా నాలాక్సోన్ శరీరంలోంచి త్వరగా పోతుంది కాబట్టి పెద్ద మోతాదుతో పాటు నరంలోకి నిరంతరం ఎక్కించాల్సి రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ అయితే ప్లేట్‌లెట్ల (రక్తాన్ని గడ్డకట్టించే కణాల) పీ2వై12 రిసెప్టర్‌ను శాశ్వతంగా పట్టేస్తుంది. ప్లేట్‌లెట్ 7–10 రోజులు బతుకుతుంది, కొత్త రిసెప్టర్ తయారు చేసుకోలేదు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు సాధారణంగా 5 రోజుల ముందే దీన్ని ఆపించేది ఇందుకే.

ప్రశ్న: ల్యాబ్‌లో మందును రిసెప్టర్లతో 30 నిమిషాలు కలిపి ఉంచితే (ఇంక్యుబేషన్) వచ్చిన ఐసీ50 (పనిని సగానికి అడ్డుకునే మందు గాఢత), 4 గంటలకు ఎన్నో రెట్లు తగ్గింది. నాది పొరపాటా?

జవాబు: మందు నెమ్మదైనదై ఉంటుంది, 30 నిమిషాలకు సమతుల్యత (అతుక్కోవడం, విడిపోవడం సమానమయ్యే స్థితి) రాలేదు. మందు గాఢతను అతుక్కునే రేటుతో గుణించి, విడిపోయే రేటు కలపండి. 0.693ను ఆ మొత్తంతో భాగిస్తే సమతుల్యత వైపు సగం దూరం నడిచే సమయం వస్తుంది. అలాంటివి ఐదు గడిచాక కొలవండి. పై లెక్కలోని రెండో మందుకు 1 నానోమోలార్ వద్ద ఒక్కోటి 58 నిమిషాలు, మొత్తం దాదాపు 4 గంటల 50 నిమిషాలు. 30 నిమిషాలకే ఆపితే మంచి మందు బలహీనమైనదిగా కనబడి పక్కకు పోతుంది.

విడిపోయే రేటు నేరుగా కావాలంటే రిసెప్టర్లను మందుతో నింపి, ఒక్కసారిగా 100 రెట్లు పలుచన చేసి, పోటీ లిగాండ్‌ను (అదే చోట అతుక్కునే మరో పదార్థాన్ని) ఎక్కువ మోతాదులో కలపండి. పోటీ లిగాండ్ లేకపోతే విడిపోయిన అణువు మళ్లీ అక్కడే అతుక్కుని నివాసకాలం పెరిగినట్టు చూపిస్తుంది. ఉష్ణోగ్రత కూడా 37 డిగ్రీలుండాలి. గది ఉష్ణోగ్రతలో సాధారణంగా విడిపోవడం నెమ్మదిస్తుంది, ఆ అంకెను శరీరానికి అన్వయించలేరు.